గీతకు ఇవతలా, అవతలా

కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ పడిందంటే చాలు, నంబులపూలకుంట నుంచి కదిరి పోయే రోడ్డు మీద తెల్లవారకముందే బూట్ల చప్పుడు మొదలవుతుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం లాంటి పట్టణాల్లోనైతే కాలేజీ మైదానాలుంటాయి. పల్లెల్లో తారురోడ్డే ట్రాక్, కిలోమీటరు రాయే గుర్తు. అందరి లెక్కా ఒకటే: 1600 మీటర్లు. మగవాళ్లయితే 8 నిమిషాల్లో, ఆడవాళ్లయితే 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. ఒక్క సెకను దాటినా ఇంటికే. డిగ్రీ చదివి, రెండేళ్లు కోచింగ్ తీసుకుని, రాతపరీక్ష గట్టెక్కిన పిల్లల బతుకు ఆ ఎనిమిది నిమిషాల మీద వేలాడుతుంది. అందుకే చివరి రెండు వందల మీటర్లలో వాళ్లు కాళ్లతో కాదు, మొండితనంతో పరిగెత్తుతారు.

ఆ తర్వాత జరిగేది ఏ మైదానంలో చూసినా ఇంచుమించు ఒకే తీరు. కుర్రాడు గీత దాటుతాడు. దాటిన చోటే ఆగిపోతాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగి రొప్పుతాడు. టైమెంతో తెలుసుకుందామని తలెత్తి నిటారుగా నిలబడతాడు. ముఖం పాలిపోతుంది, పెదాల మీద చెమట పడుతుంది, చూపు ఎక్కడో నిలిచిపోతుంది.

“ఏమైందప్పా?”

“కండ్లు తిరుగుతాండాయన్నా.”

అంతే, కుప్పకూలతాడు. చుట్టూ జనం మూగుతారు. “బీపీ డౌన్ అయింటాది, పైకి లేపండ్రా, కూర్చోబెట్టి సోడా తాపండి” అంటారొకరు. ఇద్దరు చంకల కింద చేతులేసి లేపుతారు. లేపిన కొద్దీ వాడి తల వాలిపోతూనే ఉంటుంది.

బీపీ డౌన్ అయిందన్న మాట చాలాసార్లు నిజమే. పైకి లేపడమే తప్పు. అంతకన్నా ముఖ్యం, ఆ గుంపులో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. గుండె డాక్టరు ముందు అడిగేది దాన్నే: పరిగెత్తుతూ పడ్డాడా, ఆగాక పడ్డాడా? చూడ్డానికి రెండు పడిపోవడాలూ ఒకేలా ఉంటాయి. వాటి వెనక ఉన్న కథలు మాత్రం పూర్తిగా వేరు.

రక్తానికి పీడనం ఉంటుందని మొదట కంటితో చూపించినవాడు ఇంగ్లండుకు చెందిన స్టీఫెన్ హేల్స్ అనే మతాచార్యుడు. ఆడగుర్రాన్ని పడుకోబెట్టి, కాలి ధమనిలో ఇత్తడి గొట్టం దూర్చి, దానికి పొడవాటి గాజుగొట్టం తగిలించాడు. రక్తం ఆ గొట్టంలో ఎనిమిది అడుగులకు పైగా ఎగబాకింది. 1733లో ఆ వివరాలు అచ్చువేశాడు. మనిషి చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టే పద్ధతిని 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచి తెచ్చాడు. ఆ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి చప్పుడు వినడం 1905లో రష్యా సర్జన్ కొరొట్కోవ్ చూపించాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ చేతిలో ఉన్న బీపీ మిషన్ ఈ ముగ్గురి చలవే.

కూర్చున్న మనిషికి 120/80 మామూలు. పై అంకె గుండె బిగిసినప్పటి పీడనం, కింది అంకె అది వదులైనప్పటిది. పరుగు మొదలెట్టాక పై అంకె పడిపోదు, పెరుగుతుంది. గట్టిగా పరిగెత్తే ఆరోగ్యవంతుడిలో అది 180, 200 దాకా కూడా పోతుంది. కింది అంకె దాదాపు ఉన్నచోటే ఉంటుంది, లేదా కాస్త తగ్గుతుంది. కాబట్టి కష్టపడే కొద్దీ పీడనం పెరగాలి. పరుగు మధ్యలో తగ్గుతోందంటే ఎక్కడో లెక్క తప్పిందన్నమాట.

ఆ లెక్క అర్థం కావాలంటే అనంతపురం రైతుకు డ్రిప్పు గురించి చెప్పినట్టు చెప్పుకోవచ్చు. బోరు మోటారు ఒకటే. ఒక మడి వాల్వు తిప్పితే నీళ్లు ధాటిగా వస్తాయి. అన్ని మళ్ల వాల్వులూ ఒకేసారి తిప్పితే మోటారు ఎంత తోడినా మిట్టన ఉన్న చివరి మొక్కకు చుక్క అందదు. పరుగులో ఒంట్లో సరిగ్గా వాల్వులన్నీ తెరుచుకుంటాయి. విశ్రాంతిలో గుండె నిమిషానికి 5 లీటర్ల రక్తం తోడుతుంది, అందులో కండరాలకు చేరేది అయిదో వంతే. పట్టుపట్టి పరిగెత్తేటప్పుడు గుండె 20, 25 లీటర్లు తోడుతుంది. అందులో నూటికి ఎనభై పాళ్లు కండరాలే తాగేస్తాయి. మిట్టన ఉన్న చివరి మడి మెదడు. దాని వాటా నిమిషానికి ముప్పావు లీటరు. ఎట్టి పరిస్థితిలోనూ అది ఆగకూడదు.

కండరాల్లోని వాల్వులు తెరిచేదెవరు? ఇక్కడ ఒక తెలుగువాడి పేరు చెప్పుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని 1927లో కనిపెట్టాడు. 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని పట్టుకున్నాడు. కండరం బిగియాలంటే ఖర్చయ్యేది ఏటీపీ. అది అయిపోతూ ఉంటే వెంటనే తిరిగి నింపేది ఫాస్ఫోక్రియాటిన్. వంద మీటర్ల పరుగులో మొదటి పది సెకన్లు ఎక్కువగా దాని మీదే నడుస్తాయి. ఏటీపీ విరిగిపోతే చివరికి మిగిలేవాటిలో అడినోసిన్ ఒకటి. ఈ అడినోసిన్, కండరం నుంచి బయటికొచ్చే పొటాషియం, కార్బన్ డయాక్సైడు, ఆమ్లం అన్నీ కలిసి ఆ చుట్టుపక్కల రక్తనాళాలను వెడల్పు చేస్తాయి. ఎక్కడ ఖర్చు ఎక్కువో అక్కడికే రక్తం ఎక్కువగా పోతుంది. పైనుంచి మెదడు ఆర్డరు వేయనక్కర్లేదు, కండరమే తన వాటా తాను లాక్కుంటుంది.

ఇంత లాగుడు జరుగుతున్నా పీడనం నిలబడేది రెండు కాపలాల వల్ల. ఒకటి మెడలో ఉంది. దవడ కింద వేలు పెడితే నాడి తగిలే చోట, కరోటిడ్ ధమని రెండుగా చీలే దగ్గర, పీడనం తగ్గితే కనిపెట్టే నరాల కొసలున్నాయి. బృహద్ధమని వంపులోనూ ఉన్నాయి. ఈ రెండు చోట్ల నుంచీ మెదడుకు కబురు ఎలా పోతుందో తేల్చిన పరిశోధనకే బెల్జియం శాస్త్రజ్ఞుడు కొర్నెయ్ హేమన్స్‌కు 1938 నోబెల్ బహుమతి వచ్చింది. కబురు అందగానే మెదడు గుండెను పరిగెత్తిస్తుంది, పేగులకూ మూత్రపిండాలకూ పోయే నాళాలను బిగిస్తుంది. రెండో కాపలా పిక్కలో ఉంది. అడుగు పడినప్పుడల్లా పిక్క కండరం బిగిసి, లోపలి సిరల్ని పిండి, రక్తాన్ని పైకి నెడుతుంది. సిరల్లోని కవాటాలు దాన్ని కిందికి జారనివ్వవు. పరుగెత్తే మనిషి గుండెకు తిరిగొచ్చే రక్తంలో పెద్ద భాగం ఈ పిక్కల పుణ్యమే.

గీత దాటి చటుక్కున ఆగిన కుర్రాడి ఒంట్లో ఏం జరిగిందో ఇప్పుడు చూడొచ్చు. పిక్కల తోడకం ఒక్క క్షణంలో ఆగిపోయింది. కాళ్లలో నాళాలు మాత్రం తెరుచుకునే ఉన్నాయి. అడినోసిన్, ఆమ్లం అన్నీ ఇంకా అక్కడే ఉన్నాయి కదా, అవి సర్దుకోవడానికి నిమిషాలు పడుతుంది. మామూలుగా లేచి నిలబడితేనే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం నడుము కిందికి దిగుతుంది. ఇక్కడ అంతకన్నా ఎక్కువే దిగుతుంది. పైకి వచ్చే రక్తం తగ్గింది, గుండె దగ్గర తోడడానికి సరుకు లేదు. పీడనం జారిపోయింది.

మెదడు గుండెకన్నా సుమారు ముప్పై సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. నిలబడ్డప్పుడు ఆ ఎత్తుకే 20 పైచిలుకు మిల్లీమీటర్ల పీడనం ఖర్చవుతుంది. చేతి దగ్గర 80 చూపిస్తే తల దగ్గర ఉండేది అరవై లోపే. కళ్లు ముందు మసకబారడానికీ కారణముంది. కనుగుడ్డు లోపల సొంతంగా కాస్త ఒత్తిడి ఉంటుంది, మామూలుగా 10 నుంచి 20 మిల్లీమీటర్లు. రక్తం ఆ ఒత్తిడిని తోసుకుని లోపలికి పోవాలి. కాబట్టి పీడనం తగ్గితే మెదడు కన్నా ముందు రెటీనా అలమటిస్తుంది. కళ్లు బైర్లు కమ్మాయి, చీకట్లు కమ్మాయి అని మనవాళ్లు చెప్పేది ఆ క్షణం గురించే. మెదడుకు రక్తం పూర్తిగా ఆగిందంటే ఆరేడు సెకన్లలో స్పృహ పోతుంది.

ఒళ్లు నేలకు చేరగానే తలా గుండే ఒకే మట్టానికి వస్తాయి, కాళ్లలోని రక్తం వెనక్కి వస్తుంది, కాసేపట్లో కళ్లు తెరుస్తాడు. పడిపోవడమే అక్కడ వైద్యం. అలాంటివాణ్ని చంకల కింద పట్టి లేపడమంటే ఒళ్లు చేసుకుంటున్న వైద్యాన్ని చెడగొట్టడమే. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు అడుగు, అడుగున్నర ఎత్తులో పెట్టాలి. బ్యాగు పెట్టినా చాలు, ఇద్దరు స్నేహితులు పట్టుకున్నా చాలు.

దక్షిణాఫ్రికాలో వంద కిలోమీటర్లకు దగ్గరగా ఉండే పరుగుపందేలు ప్రసిద్ధం. అక్కడ టిమ్ నోక్స్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ కూలిపోయిన రన్నర్లను ఏళ్ల తరబడి పరీక్షించారు. వాళ్లలో ఎక్కువమంది కూలిపోయింది గీత దాటాకే. నీళ్లు అడుగంటిపోవడమే కారణమైతే దారి మధ్యలోనే పడిపోవాలి కదా, సరిగ్గా పరుగు ఆపగానే ఎందుకు పడిపోతున్నారన్నది వాళ్ల ప్రశ్న. జవాబు పిక్కల్లో దొరికింది. అంతకుముందు అలా పడినవాళ్లందరికీ వెంటనే సెలైన్ ఎక్కించేవారు. కాళ్లు ఎత్తి పడుకోబెడితే చాలామంది సెలైన్ లేకుండానే లేచి కూర్చుంటారని ఆ పరిశీలనల వల్ల తెలిసింది.

మన దేశంలో అందరూ చూసిన ఉదాహరణ 2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లోది. కేరళకు చెందిన ఓపీ జైషా మారథాన్‌ను 2 గంటల 47 నిమిషాల 19 సెకన్లకు ముగించి, గీత దాటాక స్పృహ తప్పింది. దారిలో తనకు నీళ్లు అందలేదని ఆమె చెప్పిన మాట మీద దేశమంతా చర్చ జరిగింది. ఆ వేడిలో నీళ్లు అందకపోవడమూ, ఆగగానే పిక్కలు పని మానడమూ రెండూ కలిస్తే ఎంత దృఢమైన ఒళ్లయినా నిలవడం కష్టం.

వేడి సంగతి నంబులపూలకుంటలో వేరే చెప్పాలా? దేశంలోని పెద్ద సోలార్ పార్కుల్లో ఒకదాన్ని ఇక్కడా పక్కనున్న గాలివీడులోనూ కట్టారంటే ఈ ఎండను చూసే. పార్కు సామర్థ్యం 1500 మెగావాట్లని ప్రణాళిక వేస్తే, ఎన్‌టీపీసీ తొలి విడత 250 మెగావాట్లు 2016లో మొదలయ్యాయి. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నీడ కావాలంటే ఇదే మండలంలో గూటిబయలులోని తిమ్మమ్మ మర్రిమాను ఉంది. అయిదెకరాల మేర పరుచుకుని 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన చెట్టది. పరిగెత్తే కుర్రాళ్లకు అలాంటి నీడ దారి పొడుగునా దొరకదు.

ఎండలో పరిగెత్తినప్పుడు కండరాలతో పాటు చర్మం కూడా వాటాకు వస్తుంది. ఒంట్లో వేడి బయటికి పోవాలంటే రక్తం చర్మానికి చేరాలి. బాగా వేడెక్కిన ఒంట్లో ఒక్క చర్మానికే నిమిషానికి ఆరేడు లీటర్లు పోవచ్చు. దానికి తోడు గంటకు లీటరు, లీటరున్నర చెమట. ఆ నీరంతా మొదట పోయేది రక్తంలోంచే. పంచుకునేవాళ్లు పెరిగారు, ఉన్న సరుకు తగ్గింది.

ఈ రాష్ట్రంలో ఎండకూ నడకకూ మధ్య జరిగిన పోరు రాజకీయ చరిత్రలోకీ ఎక్కింది. 2003 ఏప్రిల్ 9న చేవెళ్ల నుంచి పాదయాత్ర మొదలెట్టిన వైఎస్ రాజశేఖరరెడ్డి స్వయంగా డాక్టరు. అయినా నడివేసవిలో రాజమండ్రి చేరేసరికి వడదెబ్బకు మంచమెక్కి, కొన్నాళ్లు ఆగి మళ్లీ నడిచారు. చంద్రబాబు నాయుడు 2012లో 62 ఏళ్ల వయసులో హిందూపురం నుంచే పాదయాత్రకు బయల్దేరారు. అది అక్టోబరు 2, వేసవి కాదు. దూరం వేల కిలోమీటర్లయినా నడిచేవాడి పిక్కలు కదులుతూనే ఉంటాయి. అందుకే నడిచేవాళ్ల కన్నా, వాళ్ల కోసం ఎండలో గంటల తరబడి కదలకుండా నిలబడ్డవాళ్లే త్వరగా సోలిపోతారు. ఆగస్టు 15 పరేడ్‌లో అటెన్షన్‌లో నిలబడ్డ పిల్లలు పడిపోవడం చూడనివాళ్లు తక్కువ. బూటు లోపల కాలివేళ్లు కదిపినా, పిక్కలు బిగించి వదిలినా చాలావరకు అది తప్పుతుంది.

వడదెబ్బ మాత్రం ఉత్త కళ్లుతిరుగుడు కాదు. మనిషి తికమకగా మాట్లాడుతున్నాడు, ఒళ్లు కాలిపోతోంది, ఊరు పేరు సరిగ్గా చెప్పలేకపోతున్నాడంటే ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. చెమట పడుతోంది కదా అని తోసిపుచ్చకూడదు, పరుగులో వచ్చే వడదెబ్బలో చెమట ఉంటుంది. ఆస్పత్రికి ఆటో వెతకడం కన్నా ముందు ఒంటి మీద నీళ్లు కుమ్మరించాలి. దొరికితే చల్లటి నీళ్ల తొట్టిలో మెడ దాకా ముంచాలి. ముందు చల్లార్చడం, తర్వాత తరలించడం.

నీళ్ల విషయంలో రెండో తప్పు కూడా ఉంది. 2002 బోస్టన్ మారథాన్‌లో ఒక యువతి చనిపోయింది. నీళ్లు తక్కువై కాదు, ఎక్కువై. ఆ పందెంలో పరిగెత్తినవాళ్లలో 488 మంది రక్తం పరీక్షిస్తే నూటికి 13 మందిలో సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువగా ఉంది. ఎనిమిది నిమిషాల పరుగుకు ఈ భయం లేదు. గంటల తరబడి చెమటోడ్చేవాళ్లు ఉత్త నీళ్లు కడవలకొద్దీ తాగితే మాత్రం ఉంది. ఉప్పేసిన మజ్జిగ, పల్చటి రాగి అంబలి ఈ ప్రాంతంలో పొలం పోయేవాళ్లు ఎందుకు తాగుతారో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఓఆర్‌ఎస్ మంచిదే, అసలుదైతే. చక్కెర దట్టించిన పానీయాలు అట్టపెట్టెల మీద ఆ పేరు వేసుకుని అమ్ముడుపోతుంటే హైదరాబాదులోని పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. లీటరు నీటికి కలిపే అసలు పొడి 20.5 గ్రాములు, అందులో గ్లూకోజు 13.5 గ్రాములే.

బరువులెత్తే వాళ్లకు కళ్లు తిరగడంలో దారి ఇంకొకటి. ఊపిరి బిగబట్టి, గొంతు మూసి, పొట్ట బిగించి ఎత్తుతారు. రొమ్ములో ఒత్తిడి పెరిగి గుండెకు వచ్చే సిరలు నొక్కుకుపోతాయి. ఎత్తుతున్న ఆ రెండు మూడు సెకన్లు ధమనుల్లో పీడనం ఆకాశానికంటుతుంది. కెనడాలో 1985లో ధమనిలోకి నేరుగా గొట్టం పెట్టి కొలిచినప్పుడు ఒకరిలో 480/350 కూడా కనిపించింది. ఊపిరి వదిలిన మరుక్షణం అది ధబేలున పడిపోతుంది. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. క్లీన్‌లో ఇనుప కడ్డీ సరిగ్గా గొంతు కిందే ఆనుతుంది. మెడలోని పీడనం కాపలా నరాలు నొక్కుకునే చోటు కూడా అదే. పోటీల్లో కొందరు లిఫ్టర్లు కడ్డీ భుజాల మీదికి వచ్చాక నిలబడి సోలిపోవడానికి కారణం అదీ, బిగబట్టిన ఊపిరీ. హిందూపురం జిమ్ములో కొత్తగా చేరి స్క్వాట్లు చేస్తూ ఊపిరి బిగబట్టే కుర్రాడికి జరిగేదీ ఇంచుమించు ఇదే. బరువు పైకి నెట్టేటప్పుడు ఊపిరి వదలమని కోచ్‌లు అరిచేది ఊరికే కాదు.

ధర్మవరంలో గుంటమగ్గం మీద పట్టుచీర నేసేవాళ్లు గంటల కొద్దీ కాళ్లు గుంతలో వేలాడేసి కూర్చుంటారు. తొక్కుడు కర్రల మీద పాదాలు ఆడుతూ ఉన్నంతసేపు పిక్కలు పనిచేస్తూనే ఉంటాయి. అచ్చుకు దారాలు కట్టే పని మీద కదలకుండా కూర్చుని ఒక్కసారిగా లేస్తేనే కళ్ల ముందు మసక. బీపీ మాత్రలు, ముఖ్యంగా నీరు లాగే మాత్రలు వేసుకునే పెద్దవాళ్లకు ఇది ఎక్కువ. వాళ్లు డాక్టరు చెప్పారని పొద్దున్నే వడివడిగా నడిచి, ఇంటికొచ్చి వేడినీళ్ల స్నానానికి దిగితే కష్టమే. వ్యాయామం అయ్యాక కొన్ని గంటల పాటు బీపీ కాస్త తగ్గే ఉంటుంది. ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జాన్ హాలివిల్ బృందం దీనికి కారణం వెతికితే హిస్టమిన్ దొరికింది. దద్దుర్లప్పుడూ తుమ్ములప్పుడూ పేరు వినే హిస్టమినే, కండరంలో నాళాలను తెరిచి ఉంచుతోంది. బీపీ ఉన్నవాళ్లకు నడక మేలు చేసే దారుల్లో ఇదొకటి. వేడినీళ్లు తోడైతే చర్మం కూడా వాటాకొస్తుంది, అంతే.

ఇంతవరకూ చెప్పింది గీత అవతలి కథ. గీతకు ఇవతల, పరుగు జోరు మీద ఉండగా, ముందు ఏ సూచనా లేకుండా ఒకడు కూలిపోతే దాన్ని లో బీపీ అని సరిపెట్టుకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. అప్పుడు పిక్కలు పనిచేస్తున్నాయి, గుండెకు రక్తం వస్తోంది, అయినా పీడనం పడిపోయింది. అంటే మోటారులోనే ఏదో ఉంది. గుండె గోడ మందంగా పెరిగే వంశపారంపర్య జబ్బొకటుంది, దాదాపు 500 మందిలో ఒకరికి. చాలామందికి జీవితాంతం తెలియనే తెలియదు. కొందరిలో పరుగు పెరిగిన కొద్దీ మందమైన గోడ రక్తం బయటికి పోయే దారికే అడ్డు పడుతుంది. బృహద్ధమని కవాటం ఇరుకైనా, గుండెకు రక్తం తెచ్చే ధమని పుట్టుకతో దారితప్పి ఉన్నా, నడివయసువాళ్లలో అది పూడుకుపోయినా, గుండె లయ ఒక్కసారిగా గతి తప్పినా ఫలితం ఇదే.

గుండె ఆస్పత్రుల్లో టీఎంటీ అనే పరీక్ష చేసేటప్పుడు ట్రెడ్‌మిల్ మిషన్ మీద నడిపిస్తూ మూడు నిమిషాలకోసారి వేగం, ఏటవాలు పెంచుతారు. రాబర్ట్ బ్రూస్ 1963లో పెట్టిన పద్ధతి అది. పని పెరుగుతున్నా పై అంకె పెరగకుండా పది మిల్లీమీటర్లకు మించి పడిపోతే, దానికి తోడు గుండెకు రక్తం చాలడంలేదన్న ఆనవాళ్లు కూడా ఉంటే, పరీక్ష అక్కడికక్కడే ఆపేస్తారు.

2024 ఆగస్టు, సెప్టెంబరులలో జార్ఖండ్ ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికల్లో గంటలో పది కిలోమీటర్లు పరిగెత్తమన్నారు. పదిమందికి పైగా యువకులు చనిపోయారు. మన దగ్గర 2025 జనవరి మొదట్లో మచిలీపట్నంలో 1600 మీటర్ల పరుగు చేసిన అభ్యర్థి ఒకరు కుప్పకూలి ప్రాణాలు విడిచాడు. ఇంటికి ఉద్యోగం తెస్తాడని పంపిన కొడుకు అలా తిరిగి రావడం ఏ తల్లిదండ్రులూ పడకూడని కష్టం. ఏళ్ల తరబడి నోటిఫికేషన్ నాని, తీరా తేదీ వచ్చాక నెల రోజుల్లో ఒళ్లు సిద్ధం చేసుకోవాల్సిరావడం కూడా ఈ ప్రమాదంలో భాగమే.

2021 జూన్ 12న కోపెన్‌హేగన్‌లో ఫుట్‌బాల్ ఆడుతూ క్రిస్టియన్ ఎరిక్సన్ మైదానంలో పడిపోయాడు. గుండె ఆగింది. నిమిషాలు గడవకముందే రొమ్ము నొక్కడం మొదలెట్టారు, ఏఈడీ అనే పరికరంతో గుండెకు షాక్ ఇచ్చారు. అతను బతికాడు, రొమ్ములో పరికరం పెట్టించుకుని మళ్లీ ఆడాడు కూడా. మన రాష్ట్రంలో 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మొదలైంది, ఎంతోమందిని కాపాడింది. కానీ నంబులపూలకుంట లాంటి చోటికి అది ఎంత వేగంగా వచ్చినా గుండె ఆగినవాడికి ఉన్న సమయం అంతకన్నా తక్కువ. పిలిస్తే పలకడం లేదు, ఊపిరి లేదు లేదా ఎగపీల్పులా ఉందంటే కాళ్లు ఎత్తుతూ కూర్చోకూడదు. ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు రొమ్ము మధ్యలో రెండు చేతులూ పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతున నొక్కాలి. గుండె ఆగిన మొదట్లో చేతులు కాళ్లు కొట్టుకోవచ్చు. మూర్ఛ అనుకుని చేతిలో తాళంచెవులు పెట్టడంలోనే విలువైన నిమిషాలు పోతాయి.

అమ్మాయిల విషయంలో ఇంకో మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం పలచనైన ఒంట్లో గుండె అదే పనికి ఎక్కువ కష్టపడుతుంది. కోచింగ్ సెంటర్లో చేరిన అమ్మాయి రోజూ కళ్లు తిరుగుతున్నాయంటే, తిండి సరిగ్గా తినమని మందలించే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. ఇంకోవైపు, బాగా పరిగెత్తే పిల్లకు ఊరికే బీపీ చూస్తే 100/60, నాడి 50 ఉన్నాయని కంగారుపడి మందులు వాడించడమూ తప్పే. ఏ బాధా లేకపోతే అది సాధన చేసిన గుండె తీరు.

ఒక్కసారి పరుగు మధ్యలో స్పృహ తప్పినా, పరుగులో రొమ్ము నొప్పి, గుండెదడ వచ్చినా, ఇంట్లో నలభై ఏళ్లలోపు ఎవరైనా హఠాత్తుగా చనిపోయి ఉన్నా మళ్లీ మైదానంలోకి దిగేముందు ఈసీజీ, ఎకో తీయించుకోవాలి. ఇందుకోసం బెంగళూరు పోనక్కర్లేదు. ధర్మవరం పక్కన బత్తలపల్లిలో ఆర్‌డీటీ ఆస్పత్రి ఉంది. పుట్టపర్తిలో 1991 నుంచి పేదలకు ఉచితంగా గుండె ఆపరేషన్లు చేస్తున్న సత్యసాయి ఆస్పత్రి ఉంది. వెళ్లినప్పుడు పక్కనున్న స్నేహితుణ్ని తీసుకెళ్లాలి. పడ్డవాడికి ఏమీ గుర్తుండదు; గీతకు ఎంత దూరంలో పడ్డాడో, ముఖం ఏ రంగులో ఉందో, ఎన్ని నిమిషాలకు తెలివొచ్చిందో చూసినవాడే చెప్పగలడు.

ఇక పరీక్షలు నిర్వహించేవాళ్లు చేయాల్సింది. గీత దాటిన అభ్యర్థుల్ని అక్కడికక్కడే ఆపి నంబరు రాసుకోవడం, వరసలో నిలబెట్టడం మానాలి. గీత తర్వాత మరో వంద మీటర్ల దారి కట్టి, అందులో అటూ ఇటూ అయిదు నిమిషాలు మెల్లగా నడిపించి, ఆ దారి చివర నంబరు చూసుకోవచ్చు. దారి పక్కన నీడకు ఒక షామియానా, కింద నాలుగు చాపలు, ఒక ఏఈడీ, అది వాడటం వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లు ఉండాలి. పరుగు తెల్లవారి ఆరు గంటలకే మొదలెట్టి ఎండ ముదరకముందే ముగించాలి.

సాధన చేసే పిల్లలు ఆ అయిదు నిమిషాల నడకను ఇప్పుడే, కదిరి రోడ్డు మీదే అలవాటు చేసుకోవచ్చు. కిలోమీటరు రాయి దగ్గర ఆగకుండా, తర్వాతి రెండు వందల మీటర్ల రాయి దాకా నడిచి, మళ్లీ వెనక్కి నడిస్తే సరిపోతుంది.